ఒళ్ళు బాగున్న మనిషి

అయినా ఇంట్లో ఎవరూ లేని వేళ వేడినీళ్ళతో ఆవిడకేం పని, నిన్న పూరీలు చేసింది కదా, నూనె మూకుడు జిడ్డు చన్నీళ్ళకి వదలదు, లేదూ కీర్తిక స్కూలు బట్టల మీద మరకలేవో నానబెట్టి ఉంటుంది, అసలు ఆ యాప్ చెప్పిందల్లా నిజమేనని ఎందుకనుకోవాలి... వసుంధర ఆలోచనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండగానే తంజోంగ్ పగార్‌లో ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే రైలు కదిలింది. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. చక్రధర్ పంపిన బొమ్మ అందులో. హీటర్ ఎప్పుడు వెలిగిందో, ఎంతసేపు వెలిగిందో చూపే పటం. పొద్దున్న అందరి స్నానాలకీ లేచిన గుట్ట ఒకటి. ఆ తరవాత చదునుగా సాగిన గీత. పది దాటాక మళ్ళీ ఇంకో చిన్న గుట్ట. దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, కింద ఒకే మాట రాశాడు. "ఎవరు?"

ఎవరని అడగడమేమిటి? ఆ వేళప్పుడు ఇంట్లో ఉండేది పనిమనిషి రత్తమ్మ ఒక్కతే. సమాధానం చేతిలో పెట్టుకుని ప్రశ్న వెయ్యడం చక్రధర్ పద్ధతి. కోప్పడే మనిషైతే పనులు ఇంకొంచెం సుళువుగా ఉండేవి. కోపానికి ఎదురు కోపం ఉంటుంది. అతను వివరిస్తాడు. వివరణకి ఎదురు ఏముంటుంది?

హీటర్ ట్యాంకు వంటగది పక్క బాత్రూములో, సీలింగు చాటున ఉంటుంది. రెండు బాత్రూములకీ వేడినీళ్ళు ఆ ఒక్క ట్యాంకులోంచే. స్విచ్చి మాత్రం బయట, వంటగది గోడకి. ఆ స్విచ్చిలో చక్రధర్ ఈమధ్య కొత్త పరికరం ఒకటి పెట్టించాడు. దాన్ని ఎవరు నొక్కినా అతని ఫోను టింగుమంటుంది. ఈ ఇంట్లో పొదుపంటే హీటరే. కరెంటు బిల్లులో ఇరుగుపొరుగు ఇళ్ళ సగటు పక్కన మనింటి వాడకం చూపిస్తూ రెండు గీతలు వస్తాయి. మన గీత పొట్టిగా ఉన్న నెల చక్రధర్ దాన్ని ఫోటో తీసి తెలుగువాళ్ళ గ్రూపులో పెడతాడు. ఆ గ్రూపులో పెద్దాయన సుధాకరరావుగారు బొటనవేలెత్తి చూపిస్తారు. ఆ రోజంతా ఇంట్లో పండగ.

రైల్లో చల్లగా ఉంది. బయట డిసెంబరు వాన అద్దాల మీద ఏటవాలుగా జారుతోంది. వసుంధర చున్నీని భుజాల చుట్టూ లాక్కుంది. తనకి కోపం వచ్చిందని గుర్తించింది గానీ, అది ఎవరి మీదో తను దిగే బెడోక్ వచ్చేదాకా తేలలేదు. స్విచ్చి నొక్కిన రత్తమ్మ మీదా? సున్నా చుట్టిన మొగుడి మీదా? రత్తమ్మకి వేడినీళ్ళు వాడొద్దని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, నిజమే. పొద్దున్న చక్రధర్, తరవాత కీర్తిక, తరవాత తను. తను బాత్రూములోంచి బయటికి రాగానే అతను స్విచ్చి ఆపేస్తాడు. అందరూ వెళ్ళిపోయి, పనులన్నీ ముగిశాక రత్తమ్మ స్నానం. "వాళ్ళకి చన్నీళ్ళే అలవాటు" అని చక్రధర్ ఒకసారి ఎవరితోనో ఫోనులో అన్నాడు. అంతే. పైకి చెప్పిన నియమాన్ని ఎవరైనా ప్రశ్నించొచ్చు. ఇలాంటిది గోడల్లో కలిసిపోతుంది.

*

అన్నాలయ్యేదాకా చక్రధర్ ఆ ఊసెత్తలేదు. పెరుగు కలుపుకుంటూ, మామూలుగా, వంటగదివైపు తల తిప్పాడు.

"రత్తమ్మా, పొద్దున పది దాటాక హీటర్ వేశావా?"

"ఆయ్, ఏసానండి" అంది రత్తమ్మ, పొయ్యిగట్టు తుడుస్తూనే.

కాదంటుందని అనుకున్నాడు కాబోలు, సిద్ధం చేసుకున్న తరవాతి ప్రశ్న అతనికి పనికిరాకుండా పోయింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"దేనికి?"

రత్తమ్మ గుడ్డ మడిచి పక్కన పెట్టింది. నోరు తెరిచింది. ఆ ఒక్క క్షణంలో వసుంధరకి రైల్లో అనుకున్న కారణాలన్నీ వరసగా నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి, వాటన్నిటినీ తోసేసి అసలు అనుకోనిదేదో బయటికి దూకింది.

"నేనే వెయ్యమన్నా. ఆవిడకి చేతులు తిమ్మిర్లెక్కుతున్నాయంట. వేడినీళ్ళలో పెట్టుకోమని చెప్పా."

చక్రధర్ మొహం విప్పారింది. "అలాగా! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. కాదంటానా నేను?"

"నాన్నా," అంది కీర్తిక, పదమూడేళ్ళ పిల్ల, ఫోను మీంచి కళ్ళెత్తకుండా, "ఎయిర్‌కాన్ హోల్ నైట్ కెన్, హాట్ వాటర్ కెనాట్. వాట్ లాజిక్ లా?"

"ఏసీ నీడ్ అమ్మా. నిద్ర లేకపోతే రేపు పని చెయ్యలేను. హీటర్ అలవాటు. అవసరానికీ అలవాటుకీ తేడా తెలుసుకుంటే సగం బిల్లు తగ్గుద్ది."

"యువర్ హాట్ వాటర్ బాత్ ఆల్సో అలవాటు వాట్."

అతను నవ్వాడు. కూతురి ఎదురుమాటలు అతనికి ముద్దు. గంటసేపు స్నానం చేసే పిల్లని "మన ఇంటి జలకన్య" అని పిలిచి ఊరుకుంటాడు. ఆ జలకన్య గుట్ట చుట్టూ ఎర్రసున్నా ఎప్పుడూ పడలేదు.

వసుంధర కళ్ళెత్తి చూస్తే రత్తమ్మ తనవైపే చూస్తోంది. అందులో కృతజ్ఞత ఉంటుందనుకుంది. లేదు. దారిలో పోతుంటే చెయ్యి పట్టుకుని తెలియని బస్సెక్కించిన మనిషిని చూసినట్టు చూస్తోంది.

*

మర్నాడు సాయంత్రం చక్రధర్ ఆఫీసు నుంచి వస్తూ రబ్బరు వేడినీళ్ళ సంచీ ఒకటి, నొప్పుల లేపనం ఒకటి తెచ్చాడు. రెండూ గట్టు మీద పెట్టి, తనే దగ్గరుండి రత్తమ్మకి సంచీ మూత ఎలా బిగించాలో చూపించాడు. అతనిలో దయ లేకపోలేదు. దయకి ముందో అర్జీ కావాలి.

"ఇందులో నీళ్ళు కెటిల్లో కాచుకుని పోసుకో. హీటర్ అక్కర్లేదు. అన్నట్టు నీకు ఆరు నెలలకోసారి చేయించే మెడికల్ చెకప్ దగ్గర పడింది కదా, శనివారం క్లినిక్‌కి వెళ్దాం. చేతుల సంగతి డాక్టరుకి కూడా చెబుదాం. నరాల ప్రాబ్లమేమో. ముందే చూపించుకుంటే మంచిది."

రత్తమ్మ చేతిలో తడి మాప్ ఉంది. ఆమె దాన్ని బకెట్ మీదకి ఎత్తి, రెండు చేతులతో మెలి తిప్పింది. నీళ్ళు ధారగా కారాయి. ఇంకో మెలి తిప్పింది. చుక్కలు కారాయి. మూడోసారి తిప్పితే ఏమీ కారలేదు, గుడ్డ కిర్రుమంది. దాన్ని పక్కన పెట్టి, గోడవార ఉన్న బియ్యం బస్తాని ఒంటిచేత్తో చెవి పట్టి లేపి, ఇవతలనుంచి అవతలికి పెట్టింది.

"నా చేతులకేటండి బాబుగారూ, రోకళ్ళలాగున్నాయి. ఏ డాట్టరూ అక్కర్లేదండి."

చక్రధర్ ఒకసారి భార్యని చూశాడు. ఒకసారి బస్తాని చూశాడు.

"మరి నిన్న హీటర్ దేనికి?"

"నీళ్ళోసుకోటానికండి."

"జ్వరమా?"

"లేదండి."

"నడుం నొప్పి?"

"అబ్బే."

"మరెందుకు? ఊరికేనా?"

రత్తమ్మ కొంచెం ఆలోచించింది. అబద్ధం వెతుక్కోవడం లేదని, సరిగ్గా చెప్పాలని చూస్తోందని వసుంధరకి అర్థమైంది.

"హాయిగా ఉంటాదండి" అంది.

 ఆ మాటని ఏం చెయ్యాలో చక్రధర్‌కి తెలియలేదు. ఆమె దొంగతనం చేశానని ఒప్పుకుని ఉంటే క్షమించేవాడు. నొప్పి అని ఉంటే మందు తెచ్చేవాడు, తెచ్చాడు కూడా. హాయికి అతని దగ్గర ఏ గదీ లేదు.

"సరే" అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా. "రేపట్నుంచి ఆ స్విచ్చి ఇంకెవరూ ముట్టుకోవద్దు. నేనే వేస్తా, నేనే ఆపుతా."

హాల్లోకి వచ్చాక గొంతు తగ్గించి అన్నాడు. "ఇట్స్ నాట్ అబౌట్ మనీ, వసూ. ఇవాళ వేడినీళ్ళు. రేపు ఇంకోటి. ఎక్కడ ఆగుద్ది? నువ్వు కూడా నాతో అబద్ధం చెప్పావు, అది ఎవరి కోసం? ఇంకోసారి ఇట్లాంటిది జరిగితే ఏజెన్సీకి ఫోన్ చేసి వేరే మనిషిని చూడమంటా. నాకు ట్రస్ట్ ముఖ్యం."

రిమోట్ తీసుకుని ఏసీ వేశాడు. అతని వీపు మీద చొక్కా చెమటకి అంటుకుని ఉంది. పాపం, అని కూడా అనిపించింది వసుంధరకి. ఆ పాపమనిపించడం మీద మళ్ళీ ఒళ్ళు మండింది.

*

ఆమె వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. రత్తమ్మ కూరగాయల బుట్ట ముందేసుకుని, నేల మీద కూర్చుని, గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. ఈ ఇళ్ళల్లో ప్రతి ఫ్లాటుకీ బాంబులు పడితే దాక్కోవడానికని మందపాటి గోడలు, ఇనుప తలుపు ఉన్న చిన్న గది కట్టిస్తారు. అందులోనే రత్తమ్మ పరుపు, పెట్టె. ఇనుప తలుపు సగం తెరిచి ఉంది.

"నేనంత కష్టపడి ఒక మాట చెబితే దాన్ని నిలబెట్టలేవా?" అంది వసుంధర. గొంతు తను అనుకున్నదానికన్నా పైకి లేచింది. "అవునండీ, తిమ్మిరండీ అంటే నీ సొమ్మేం పోయింది? అయిపోయేది కదా అక్కడితో. రోజూ వేసుకోనిచ్చేవాడు."

"నాకు లేని జబ్బు ఎందుకమ్మగారూ?"

"ఊరికే మాటవరసకి!"

రత్తమ్మ ఈనె తీసి పక్కన పడేసింది. "మీకు మాటవరసే. రేపు డాట్టరు ముందు బాబుగారు అదే మాటంటే? చేతులు పనికిరావంట అని కాయితం మీద రాత్తే నన్నెవరుంచుకుంటారు? ఈ చేతులు చూసే కదండీ నన్ను తెచ్చుకుంది. మా ఊరి సావిత్రిని అలాగే ఇంటికి పంపేసారు. వొంట్లో బాలేదని మేడంగారితో చెప్పుకుంది. మేడంగారు మంచోరే. ఏడ్చి మరీ పంపారంట."

వసుంధర పొయ్యిగట్టుకి ఆనుకుంది. తను ఆ వైపు ఆలోచించనే లేదు. ఈ దేశంలో పనిమనిషి ఒంటికి రోగం అంటగట్టడమంటే ఏమిటో తనకి తెలియదా? పేపర్ల మీద సంతకాలు పెట్టింది తనే. తెలుసు. తెలిసీ, నోటికి మొదట వచ్చింది రోగమే.

"మరి ఏం చెప్పమంటావు ఆయనతో?"

"ఏం చెప్పాలండి?" రత్తమ్మ తలెత్తింది. కోపంగా లేదు, నిజంగానే అడుగుతోంది. "ఒళ్ళు బాగున్న మనిషి వేణ్ణీళ్ళు పోసుకోకూడదాండి?"

వసుంధర కింద కూర్చుని రెండు గోరుచిక్కుళ్ళు చేతిలోకి తీసుకుంది. ఈనె సరిగ్గా రాలేదు, మధ్యలో తెగిపోయింది.

"మీరొదిలెయ్యండమ్మగారూ, గోళ్ళు పాడైపోతాయి. పోనీలెండి. రెండు చెంబులు పోసుకున్నాక చన్నీళ్ళు తెలీవు. ఆ మొదటి రెండు చెంబులే..." అని ఆగి, నవ్వింది. "మొదటి చెంబుకి మా అత్తగారు గుర్తొత్తాదండి."

*

శుక్రవారం ఆఫీసు బాత్రూములో చేతులు కడుక్కుంటూ వసుంధర ఆగిపోయింది. కొళాయి కింద చెయ్యి పెడితే చాలు, గోరువెచ్చని నీళ్ళు వస్తాయి. రోజూ వచ్చేవే. పక్కన కొళాయి కింద ఎవరూ లేరు. ఎవరో అమ్మాయి విదిలించిన కాగితం ముక్క దాని సెన్సరు కంటికి అడ్డుపడి, అది ఆగకుండా కారుతోంది. సన్నగా ఆవిరి లేస్తోంది. దీని చుట్టూ సున్నా చుట్టేవాళ్ళు ఎవరూ లేరు.

కాగితం తీసేసింది. నీళ్ళు ఆగాయి. అద్దంలో తన మొహం కనబడింది.

తిమ్మిరి అన్న మాట అంత చప్పున ఎక్కణ్ణించి వచ్చింది? వెతుక్కుంటే దూరం పోనక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట పడుకోవాలంటే తను ఏమంటుంది? తలనొప్పి అంటుంది. చక్రధర్ స్నేహితులింటికి వెళ్ళబుద్ధి కాకపోతే? కడుపులో బాలేదు. వంట మానెయ్యాలంటే జ్వరంలా ఉంది. ఒట్టినే పడుకుంటాను, ఒట్టినే రాను, నాకిష్టం లేదు, నాకిది హాయిగా ఉంది, ఈ మాటలు పెళ్ళయ్యాక ఒక్కసారైనా అన్న గుర్తు లేదు. ఎవరూ వద్దనలేదు. అడిగితే చక్రధర్ అదే అంటాడు, నేనెప్పుడు కాదన్నాను అని. నిజమే. ప్రతి తలనొప్పికీ మాత్ర తెచ్చిచ్చాడు.

రత్తమ్మని తప్పించడానికి తను చేసిందేమిటి? తన దగ్గరున్న దొంగతాళం ఆమె చేతిలో పెట్టింది. ఆమె అక్కర్లేదని తిరిగిచ్చేసింది. తను కోప్పడింది అందుకు.

బుగ్గలు వేడెక్కాయి. ఇది సిగ్గా, కోపమా? కోపమే. ఇన్నేళ్ళుగా రోగాలు కట్టుకుని బతికినందుకు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ ఇంట్లో నిలబడటానికి చోటు లేనందుకు. ఆ చోటు లేకపోవడాన్ని దయ అని పిలుస్తున్నందుకు.

*

శనివారం అందరూ ఇంట్లోనే ఉన్నారు. క్లినిక్ పని వచ్చే వారానికి వాయిదా పడింది. వాన వదల్లేదు. వంటగది కిటికీలోంచి తడిగాలి కొడుతోంది. పనులయ్యాక రత్తమ్మ తువ్వాలు, చీర పట్టుకుని బాత్రూములోకి వెళ్ళింది. స్విచ్చి మీది ఎర్రదీపం ఆరిపోయి చాలాసేపైంది. హాల్లో చక్రధర్ ఫోను చూసుకుంటున్నాడు.

వసుంధర ఫ్రిజ్ దగ్గర నిలబడింది. ఏం తీసుకోవడానికి తలుపు తెరిచిందో మరిచిపోయింది. లోపల చెంబు నీళ్ళలో మునిగిన చప్పుడు. ఆగింది. కాళ్ళ మీద పోసుకున్నట్టుంది, చప్పుడు నేలకి దగ్గరగా ఉంది. మళ్ళీ ముంచింది. మోకాళ్ళు. మళ్ళీ ముంచింది, ఈసారి చాలాసేపు ఏమీ లేదు. ఆ మనిషి చెంబు భుజం దాకా ఎత్తి పట్టుకుని, ఊపిరి బిగించి, తనని తాను ఒప్పించుకుంటూ ఉండటం తలుపులోంచి కనబడుతున్నట్టే ఉంది. తరవాత ఒక్కసారిగా నీళ్ళ చప్పుడు, దాని వెనకే "హుఫ్" అని, మూలుగు కాదు, కేక కాదు, పంటి బిగువున పట్టుకున్న ఊపిరి జారిపోయిన చప్పుడు.

ఫ్రిజ్ తలుపు తెరిచి ఉందని గుర్తు చేస్తూ టిక్కు టిక్కుమని మోగింది.

"వసూ, ఫ్రిజ్!" అన్నాడు చక్రధర్ హాల్లోంచి. ఆ వెనకే, సంతోషంగా, "చూశావా, మధ్యాహ్నమంతా ఫ్లాట్. ఈ నెల మన గీత ఇంకా తగ్గుద్ది."

ఆమె ఫ్రిజ్ తలుపు వేసింది. మెల్లిగా వెయ్యాలనుకుంది. లోపల సీసాలు ఘల్లుమన్నాయి.

*

ఆదివారం రత్తమ్మకి సెలవు. పొద్దున్నే స్నానం చేసి, లిటిల్ ఇండియా వెళ్ళి, గుడి మెట్ల దగ్గర ఊరివాళ్ళని కలుసుకుని, చీకటి పడేలోపు వచ్చేస్తుంది. చక్రధర్ లేచి, స్విచ్చి వేసి, నీళ్ళు కాగాక పడగ్గది బాత్రూములో స్నానానికి వెళ్ళాడు. కీర్తిక ఇంకా నిద్రలోనే ఉంది. రత్తమ్మ చంకలో తువ్వాలు పెట్టుకుని, కాఫీ గిన్నె తోముతూ, అందరి వంతులూ అయ్యేదాకా ఆగడానికి సిద్ధంగా ఉంది.

"రత్తమ్మా, వెళ్ళి పోసుకో" అంది వసుంధర. "ఇప్పుడే. వేడిగా ఉన్నాయి."

"మీ వంతు కాలేదు కదండి."

"నేను తరవాత."

"బాబుగారు..."

"నువ్వెళ్ళు."

రత్తమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఇందులో మళ్ళీ ఏ రోగం ఉందో అని వెతుకుతున్నట్టు చూసింది. ఏమీ దొరకలేదేమో, గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి గడియ పెట్టింది. కొళాయి తిప్పిన చప్పుడైంది. బకెట్ నిండటం మొదలైంది.

వసుంధర భోజనాల బల్ల దగ్గర్నుంచి ఒక కుర్చీ లాక్కొచ్చింది. నేల మీద కీచుమంది. దాన్ని గోడకి ఆనించి, స్విచ్చికి సరిగ్గా కింద వేసి, కూర్చుంది. తల వెనక ఎర్రదీపం ఉందని తెలుస్తోంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒడిలో పెట్టుకుంది.

చక్రధర్ తల తుడుచుకుంటూ వచ్చాడు. సబ్బు వాసన, ఒంటి మీద సన్నటి ఆవిరి. వంటగది బాత్రూములో నీళ్ళ చప్పుడు విని చెయ్యి స్విచ్చివైపు లేచింది. మధ్యలో భార్య తల అడ్డొచ్చింది.

"లోపల ఎవరు?"

"రత్తమ్మ."

అతను తలుపు కింద సందులోంచి వస్తున్న ఆవిరిని చూశాడు. "నేను చెప్పాను కదా, వసూ. ఇప్పుడేమైంది ఆవిడకి?"

"ఏం కాలేదు. బాగానే ఉంది."

"మరి?"

"పోసుకుంటోంది."

లోపల చెంబు మునిగింది. ఆగకుండా నీళ్ళు పడ్డాయి. మళ్ళీ మునిగింది, మళ్ళీ పడ్డాయి. మధ్యలో సందు లేదు. చక్రధర్ తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకి మార్చుకున్నాడు. అతనికి వివరించడానికి చాలా ఉందని మొహంలో తెలుస్తోంది.

"జరుగు. ఆపాలి."

వసుంధర కదల్లేదు.

"నీకేమైంది? ఒంట్లో బాలేదా?"

ఎంత దయగా అడిగాడు! తలూపితే చాలు. అతనే చెయ్యి పట్టి లేపి మంచం దాకా తీసుకెళ్తాడు, మాత్ర ఇస్తాడు, కాఫీ కలుపుతాడు. జాలి కలిగించే జవాబులన్నీ గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి. ఆమె వాటిని ఒక్కొక్కటిగా వెనక్కి పంపింది. దానికి కొంచెం సమయం పట్టింది. "బాగానే ఉన్నా" అంది.

ఆమె చెప్పులు వదిలేసి, కాళ్ళు రెండూ కుర్చీ మీదకి తీసుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.